తాతయ్య నేతాజీ సైన్యంలో లేడు

మా అమ్మమ్మ వాళ్ళ ఊరు తాడేపల్లిగూడెం దగ్గర. అక్కడి పాత పెంకుటిల్లు విప్పించేటప్పుడు అటక మీద నుంచి దింపిన సామానులో ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉంది. మూత తుప్పు పట్టి బిగిసిపోతే మామయ్య స్క్రూడ్రైవర్ పెట్టి తీశాడు. లోపల పాత శిస్తు రసీదులు, ఒక ఫొటో, నాలుగు మడతలు పెట్టిన కాగితం, అన్నిటికీ అడుగున నల్లబడిన ఆరు కోణాల నక్షత్రం. అమ్మ చూడగానే "నాన్న బిళ్ళ!" అంది. చింతపండు పెట్టి తోముదామని వంటింట్లోకి తీసుకెళ్ళబోతుంటే నేను ఆపాను. అలాంటి వాటిని ఎంత తోమితే అంత అరుగుతాయి. ఆ మురికి కింద అక్షరాలున్నాయి.

ముందు వైపు కిరీటం, బ్రిటిష్ రాజు పేరులోని పొడి అక్షరాలు, చుట్టూ 'బర్మా స్టార్' అన్న ఇంగ్లీషు మాటలు. వెనక్కి తిప్పి కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే సన్నగా అద్దిన ఒక నంబరు, దాని పక్కన తాతయ్య పేరు. ఇంటిపేరు లేదు. ఉన్న పేరులోనే ఒక అక్షరం తప్పు. తర్వాత చదివి తెలుసుకున్నాను: రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ సైనికులకు ఇచ్చిన ఇలాంటి నక్షత్రపు పతకాల మీద పేర్లు వేయలేదు, మన సైనికులకు ఇచ్చిన వాటి మీద వేశారు. అందుకే ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ బిళ్ళ ఎవరిదో బిళ్ళే చెప్పగలిగింది.

అది చెప్పిన సంగతి మాత్రం ఇంట్లో ఎవరికీ నచ్చలేదు.

చిన్నప్పటి నుంచి మేం విన్నది ఒకటే. తాతయ్య రంగం, అంటే రంగూన్ వెళ్ళి నేతాజీ సైన్యంలో చేరాడు, బర్మా అడవుల్లో తెల్లవాళ్ళ మీద పోరాడాడు. పెళ్ళిళ్ళలో చుట్టాలు కలిస్తే ఈ కథ రావాల్సిందే. ఏడో తరగతిలో ఆగస్టు 15న నేను స్టేజీ ఎక్కి "మా తాతగారు ఆజాద్ హింద్ ఫౌజు వీరుడు" అని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ చప్పట్లు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి.

నాలుగు మడతల కాగితం డిశ్చార్జి సర్టిఫికెట్. మడతల దగ్గర చిరిగిపోయింది కానీ చదవగలిగాం. సైన్యంలో చేరింది 1942 అక్టోబరు, పంపేసింది 1946. దళం ఇండియన్ పయనీర్ కోర్, అంటే బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో రోడ్లు వేసే, సామాను మోసే దళం. ఊరు, తాలూకా, వెస్ట్ గోదావరి జిల్లా. గుర్తులు: ఎడమ మోకాలి మీద పుండు మచ్చ. ప్రవర్తన: చాలా మంచిది. జాతి అన్న గడిలో 'మద్రాసీ'. తెలుగు అన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు.

నేతాజీ సైన్యం ఎలా పుట్టిందో మనకు తెలుసు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. జపాన్‌కు చిక్కిన వేలాది భారతీయ సైనికుల్లోంచి కెప్టెన్ మోహన్ సింగ్ మొదటి ఫౌజును కూడగట్టాడు. 1943 జూలైలో సుభాష్ చంద్రబోస్ సింగపూర్ వచ్చి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. మలయాలో, బర్మాలో ఉంటున్న మనవాళ్ళు కూడా అందులో చేరారు. తాతయ్య మిలట్రీలో చేరేసరికి సింగపూర్ పోయి ఎనిమిది నెలలు. ఆయన నాలుగేళ్ళు బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలోనే ఉండి, మంచి ప్రవర్తన అనిపించుకుని, ఆ రాజు ఇచ్చిన బిళ్ళతో ఇంటికి వచ్చాడు. 1944 మార్చి నుంచి జూలై దాకా ఇంఫాల్, కొహిమాల దగ్గర జపాన్ సైన్యం, దానితో పాటు నేతాజీ ఫౌజు ఒక వైపు ఉంటే, తాతయ్య లాంటివాళ్ళు రోడ్లు వేసింది, లారీల సామాను దించింది రెండో వైపు.

మామయ్య సర్టిఫికెట్ మడిచి డబ్బాలో పెట్టేస్తూ, "ఇవన్నీ ఇప్పుడెందుకురా? ఆయనా లేడు, అమ్మా లేదు. ఉన్న మాట అలా ఉండనీ" అన్నాడు. ఆ రోజు ఎదురు చెప్పలేదు. ఈ వ్యాసం ఆయనకు నేను చెప్పాలనుకున్న జవాబు.

మామయ్య ఒక్కడే కాదు. ఈ సంగతి చెప్పాక ముగ్గురు నలుగురు స్నేహితులు తమ ఇళ్ళల్లోనూ ఇలాంటి తాత ఒకరున్నారన్నారు. అందరి తాతలూ నేతాజీ సైన్యంలోనే ఉన్నారట. అందులో కొందరు నిజంగా ఉండి ఉంటారు, వాళ్ళకు నా దండం. కానీ లెక్క చూడండి. 1939లో రెండు లక్షలున్న ఇండియన్ ఆర్మీ 1945కి ఇరవై అయిదు లక్షలైంది. నేతాజీ ఫౌజు దాని ముందు చాలా చిన్నది. మన ఊళ్ళ నుంచి బర్మా వైపు వెళ్ళిన సిపాయిల్లో ఎక్కువమంది మా తాతయ్య లాంటివాళ్ళే. వాళ్ళ కథను మనం సిగ్గుతో దాచి, దాని మీద వేరే కథ కప్పాం.

ఆ సిగ్గు ఎందుకో నాకు అర్థమవుతుంది. 1942 ఆగస్టు 12న తెనాలిలో క్విట్ ఇండియా ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపితే ఏడుగురు చనిపోయారు. రణరంగ చౌక్‌లో వాళ్ళ స్మారకం ఉంది. సరిగ్గా రెండు నెలలకు మా తాతయ్య తెల్లవాడి సైన్యంలో వేలిముద్ర వేశాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడటం కష్టం. మనవలకు చెప్పడం ఇంకా కష్టం. 1947 తర్వాత ఊళ్ళో తలెత్తుకుని తిరగాలంటే నేతాజీ పేరు అక్కరకొచ్చింది.

కానీ 1942 అంటే తెనాలి ఒక్కటే కాదు. ఆ మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయింది. అక్కడ రేవుల్లో, మిల్లుల్లో పనిచేసే మనవాళ్ళు కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. రాలేనివాళ్ళు దారిలోనే పోయారు. బర్మా బియ్యం ఆగిపోయింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. మా తాడేపల్లిగూడెంలో యుద్ధం కోసం వేసిన రన్‌వే ఇప్పటికీ ఉంది. చిన్నప్పుడు దాని మీదుగా వెళ్తూ అది ఎందుకు వేశారో ఒక్కసారి కూడా అడగలేదు. 1941 జూన్‌లో హిట్లర్ సోవియట్ మీద పడ్డాక ఆంధ్రా కమ్యూనిస్టులు కూడా ఇది ప్రజాయుద్ధం, బ్రిటన్ వైపు నిలవాలి అన్నారు. అంటే ఆ రోజుల్లో బాగా చదువుకున్నవాళ్ళకే ఎటు నిలబడాలో ఒక మాట కుదరలేదు. సెంటు భూమి లేని ఇరవై ఏళ్ళ కుర్రాడు, ఇంట్లో ఇద్దరు చెల్లెళ్ళున్నవాడు, నెలనెలా జీతం, మూడు పూటలా తిండి, ఇంటికి మనియార్డరు అంటే వెళ్ళాడు. దాన్ని దేశద్రోహం అనేవాళ్ళు ఆ ఇంటి గాదెలోకి తొంగిచూసినవాళ్ళు కారు.

అలాగని ఆయన్ని వీరుణ్ణి చేయమనీ నేను అడగను. రోడ్డు వేశాడు. బురదలో రాళ్ళు పరిచాడు. అమ్మకు గుర్తున్న ఒకే ఒక్క మాట అది: "అక్కడ వాన ఆగదమ్మా, కాళ్ళ సందులు పాచిపోతాయి" అనేవాడట. మలేరియా పట్టుకుని వచ్చింది, ఏటా చలిజ్వరం వచ్చేది. యుద్ధం కోసం చేర్చుకున్నవాళ్ళను యుద్ధం కాగానే పంపేశారు, పింఛను లేదు. ఇదంతా మాకు తెలిసి కూడా మేం చెప్పుకోలేదు, ఎందుకంటే నేతాజీ కథలో దీనికి చోటు లేదు. అడవిలో తుపాకీ పట్టినవాడి పక్కన తట్ట మోసినవాడు ఎవరికీ కనబడడు. నాకు ఇదే బాధ. కట్టుకథ ఆయనకు గౌరవం తెచ్చిందంటారు కానీ, ఆయన చేసిన నాలుగేళ్ళ పనిని ఆయన దగ్గర్నుంచి లాక్కుంది.

తెల్లవాళ్ళు కూడా ఆ గౌరవం ఇవ్వలేదని గుర్తుపెట్టుకోవాలి. 1880లలో మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉండి, ఆ తర్వాత మొత్తం ఇండియా సైన్యానికి అధిపతైన లార్డ్ రాబర్ట్స్, దక్షిణాది వాళ్ళు యుద్ధానికి పనికిరారని తేల్చాడు. వీరజాతులు ఉత్తరాదిలోనే ఉన్నాయన్నది ఆ రోజుల సిద్ధాంతం. ఒకప్పుడు కంపెనీకి సగం దేశం గెలిచిపెట్టిన మద్రాసు పటాలాలు ఒక్కొక్కటే రద్దయ్యాయి, 1920లలో మద్రాసు రెజిమెంటు ఆఖరి బెటాలియన్లూ పోయాయి. తీరా రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక మళ్ళీ అదే రెజిమెంటు లేపారు, అదే మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల్లో కుర్రాళ్ళను వెతికారు. తాతయ్య కాగితంలోని 'మద్రాసీ' అన్న మాట వెనక ఇంత ఉంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మామయ్య మాట విని నేను ఊరుకుని ఉంటే ఇది బయటపడేది కాదు.

డబ్బాలో ఫొటో ఉందన్నాను కదా. స్టూడియోలో తీయించుకున్నది. వెనక పరదా మీద వేసిన కొలను, మెట్లు. ముందు ఖాకీ బట్టల్లో ఇద్దరు. ఒకరు తాతయ్య. రెండో ఆయన కుర్చీలో కూర్చున్నాడు, చేతులు మోకాళ్ళ మీద బిగబట్టి పెట్టుకున్నాడు, కుడి బూటు లేసు ఊడి ఉంది. ఆయన ఊళ్ళో అందరూ రంగం మామ్మ అని పిలిచే ఆవిడ భర్త అని అమ్మ చెప్పింది. తాతయ్య, ఆయన కలిసే వెళ్ళారు. తాతయ్య వచ్చాడు, ఆయన రాలేదు. యుద్ధం అయిపోయే ముందే మనియార్డర్లు ఆగిపోయాయి. అక్కడే బర్మా పిల్లను చేసుకుని ఇంకో సంసారం పెట్టాడని ఊరు తేల్చేసింది. మా ఇంటి కథలో ఆయన నేతాజీతోనే ఉండిపోయాడు. రెండు కథల్లోనూ ఆయన బతికే ఉన్నాడు, రంగం మామ్మే అక్కర్లేనిదైంది. ఆవిడ బొట్టూ తాళీ తీయకుండా యాభై ఏళ్ళకు పైగా బతికి చనిపోయింది.

యుద్ధంలో పోయిన కామన్వెల్త్ దేశాల సైనికుల పేర్లన్నీ కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉంటాయి, డబ్బు కట్టక్కర్లేదు. రెండో యుద్ధంలో పోయిన మన సైనికులు ఎనభై ఏడు వేల పైచిలుకు. బర్మాలో పోయి, సమాధి లేనివాళ్ళ పేర్లు రంగూన్ దగ్గర తౌక్యాన్‌లోని స్మారకం మీద చెక్కారు, దాదాపు ఇరవై ఏడు వేలు. మనవాళ్ళలో చాలామందిని దహనం చేశారు కాబట్టి సమాధి ఉండదు, పేరే ఉంటుంది. కొహిమాలో అలా దహనం చేసిన హిందూ, సిక్కు సైనికుల కోసం కట్టిన స్మారకం మీదే 917 పేర్లున్నాయి.

నేను పేరుతో వెతికితే దొరకలేదు. తాతయ్య పేరులోనే తప్పు ఉన్నప్పుడు ఈయన పేరు సరిగ్గా ఎందుకుంటుంది? తెలుగు పేరును ఎక్కడి గుమస్తానో చెవికి తోచినట్టు ఇంగ్లీషులో రాసుకుని ఉంటాడు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, చాలాచోట్ల అసలు ఉండదు. అందుకని ఊరి పేరుతో, జిల్లా పేరుతో, దళం పేరుతో వెతకడం మొదలుపెట్టాను. ఏలూరు ఎల్లోర్ అని, కాకినాడ కొకనాడ అని, విజయవాడ బెజవాడ అని, విశాఖ వైజాగపటం అని ఉంటాయి. రాత్రి పదింటికి కూర్చుంటే ఒంటిగంట అయ్యేది. ఎక్కడెక్కడి ఊళ్ళో, ఎవరెవరి కొడుకులో. ఫలానా వాడి కొడుకు, ఫలానా ఆమె భర్త, ఫలానా ఊరు, ఇండియా. ఒక్కో వరస చదువుతుంటే ఆ ఇంటివాళ్ళకు ఇది తెలుసా అనిపించేది.

తొమ్మిదో రాత్రి దొరికింది. పయనీర్ కోర్. తాతయ్య నక్షత్రం మీది నంబరుకు సరిగ్గా తర్వాతి నంబరు. ఒకే రోజు, ఒకే వరసలో, ఒకరి వెనక ఒకరు నిలబడి చేరారన్నమాట. తండ్రి పేరు అదే. భార్య పేరు రంగం మామ్మ అసలు పేరు. ఊరి పేరులో రెండు అక్షరాలు తారుమారు. చనిపోయింది 1945 జూలై 9. అప్పటికి రంగూన్ తిరిగి బ్రిటిష్ వాళ్ళ చేతికొచ్చి రెండు నెలలు దాటింది. ఎలా పోయాడో అందులో రాయలేదు.

ఆ కబురు ఆవిడకు ఎందుకు చేరలేదో అమ్మ ఊహించింది. పురిటికని పుట్టింటికి వెళ్ళిన మనిషి అత్తవారింట్లో పడక అక్కడే రెండేళ్ళు ఉండిపోయిందట. ఎవరో ఏదో కాగితం తెచ్చి ఉంటారు, ఎవరో తీసుకుని ఉంటారు. తాతయ్యకు తెలుసా? నాకైతే తెలుసుననే అనిపిస్తోంది. ప్రతి కోతల్లోనూ ఆవిడ ఇంటికి ఒక బస్తా ధాన్యం పంపించేవాడని, అమ్మమ్మ ఒక్కసారి కూడా వద్దనలేదని అమ్మ చెప్పింది. ఆవిడ ముఖం మీద చెప్పలేక, నేతాజీతో ఉన్నాడులే అని తాతయ్యే మొదట అని ఉండొచ్చు. జాలితో అన్న మాటే అయి ఉండొచ్చు. కానీ జాలితో చెప్పిన అబద్ధం కూడా తర్వాతి తరాల చేతిలో గొప్ప అయిపోతుంది. మేం ఆ మాటను స్టేజీల మీద చెప్పుకుంటుంటే, అదే మాట పక్క వీధిలో ఒక ఆడమనిషిని మొగుడు వదిలేసినదాన్ని చేసి కూర్చోబెట్టింది.

అందుకే అంటున్నాను, మీ ఇంట్లో ఒక మిలట్రీ తాత ఉంటే, కథ దగ్గర ఆగిపోకండి. కాగితం వెతకండి. బిళ్ళ ఉంటే వెనక్కి తిప్పి చూడండి. బర్మా స్టార్ ఉన్నంత మాత్రాన మనిషి బర్మాలో అడుగుపెట్టాడని కాదు, కొన్ని తేదీల మధ్య బెంగాల్, అస్సాంలలో పనిచేసినవాళ్ళకూ ఇచ్చారు. 19వ హైదరాబాద్ రెజిమెంట్ అని చూసి మన హైదరాబాదు వాడనుకోకండి. అందులో ఎక్కువమంది ఉత్తరాది వాళ్ళు, 1945లో దాని పేరే కుమావ్ రెజిమెంట్‌గా మార్చారు. నిజాం సొంత సైన్యం వేరు. మలయాలోని కోటబారు విమానాశ్రయం దగ్గర 1941 డిసెంబరులో జపాన్ వాళ్ళు దిగినప్పుడు కాపలా ఉన్నది నిజాం పదాతిదళమే. ఢిల్లీ తీన్‌మూర్తి విగ్రహాల్లో ఒకటి మొదటి ప్రపంచ యుద్ధంలో వెళ్ళిన హైదరాబాద్ లాన్సర్లదే, అంటే నిజాం గుర్రపు దళానిదే. తెలంగాణ ఇళ్ళల్లోనూ వెతకాల్సింది చాలా ఉంది.

మా పక్కనే మాధవరం ఉంది. మిలట్రీ మాధవరం అని పిలిచేంతగా రెండు యుద్ధాలకూ ఊరు ఊరంతా కదిలింది, వాళ్ళు స్తూపం కట్టుకున్నారు, చెప్పుకుంటున్నారు. పంజాబ్ వాళ్ళ మొదటి యుద్ధపు సైనికుల రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో ఉంటే, 2021లో దాదాపు మూడు లక్షల ఇరవై వేల పేర్లు అందరూ వెతుక్కునేలా కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టారు. ఏ ఊరి నుంచి ఎవరు వెళ్ళారో అందులో ఊరి వారీగా ఉంటుంది. మన జిల్లాలకు అలాంటి పుస్తకం ఒకటి కావాలి. అది వచ్చేలోగా ఉన్నవి అటకల మీది డబ్బాలే. పెంకుటిళ్ళు రోజుకొకటి విప్పుతున్నారు.

రంగం మామ్మ మనవడు ఊళ్ళోనే ఉంటాడు. నాకు వరసకు అన్నయ్య. చెప్పాలా వద్దా అని పది రోజులు తిరిగాను. చచ్చిపోయిన మనిషిని మళ్ళీ చంపడం అవుతుందేమోనని టెన్షన్. చివరికి ఆ పేజీ ప్రింటు తీసుకుని అమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను. అన్నయ్య కళ్ళజోడు పెట్టుకుని నాయనమ్మ పేరు మీద వేలు పెట్టి, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు: "మా నాన్న ఈయన మీద కోపంతోనే పోయాడురా."

వదిన లోపలి నుంచి మంచినీళ్ళు తెచ్చి, తేదీ మళ్ళీ అడిగింది. తిథి ఏమవుతుందని అడిగింది. పంచాంగం లెక్క కట్టించి తర్వాత ఫోన్ చేశాను: పార్థివ నామ సంవత్సరం, జ్యేష్ఠ బహుళ అమావాస్య. రాసుకుంది.

మొన్న సంక్రాంతికి వాళ్ళింటికి పిలిచారు. మా వైపు పండక్కి పెద్దలకు కొత్త బట్టలు పెడతారు కదా. అన్నయ్య తండ్రికి పంచె, రంగం మామ్మకు చీర, జాకెట్టు ముక్క ఏటా పెట్టేవే. ఈసారి వాటి పక్కన ఇంకో పంచె, కండువా ఉన్నాయి. ఆయన ఫొటో వాళ్ళింట్లో లేదు. రేకు డబ్బాలోని ఫొటోకు మామయ్యే కాపీ తీయించి, ఫ్రేము కట్టించి తెచ్చాడు. కుర్చీలో కూర్చున్న మనిషి ఒక్కడే వచ్చేలా కత్తిరిస్తామని స్టూడియో వాళ్ళంటే వద్దన్నాడట. ఇద్దరూ అలాగే ఉన్నారు. లేసు ఊడిన బూటుతో సహా.